సున్నం రాసిన ముంత



పండగ సరుకుల చీటీలో బెల్లం అని రాస్తే చెరుకు బెల్లమే అనుకుంటాం. తాటిబెల్లం మాటే తోచదు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో కనిపించే తాటిచెట్టు వెనక చాలా కథ ఉందండీ.

కెనడాలోనూ, ఉత్తర అమెరికా చలి ప్రాంతాల్లోనూ మేపుల్ అనే చెట్టుంది. చలి తగ్గే రోజుల్లో మానుకి చిన్న బెజ్జం పెట్టి రసం పడతారు. పూర్వం చెట్టుచెట్టుకీ బకెట్టు తగిలించి మోసుకొచ్చేవారు. 1950ల చివరలో ప్లాస్టిక్ గొట్టాలొచ్చాయి. కొండవాలున చెట్లన్నిటికీ గొట్టాలు కలిపితే, రసం తనంతట తనే పల్లానికి జారి తొట్టిలో చేరుతుంది. సుమారు 40 లీటర్లు కాస్తేగాని లీటరు పాకం రాదు.

మన తాటికి ఆ వెసులుబాటు లేదు. రసం ఊరేది చెట్టు తలన, గెలలో. గీత కార్మికుడు మోకు వేసుకుని రోజూ ఎక్కాలి, గెల కొస చెక్కాలి, ముంత కట్టాలి. కాలు జారితే ప్రాణమే పోవచ్చు. తీపిలో మాత్రం తాటిదే పైచేయి. పది లీటర్లు కాస్తే దాదాపు కిలో బెల్లం!

చిక్కల్లా ఒకటే. రసం గంటల్లో పులుస్తుంది. ముంత లోపల సున్నం రాస్తే తియ్యగా నిలుస్తుంది, రాయకపోతే కల్లవుతుంది.

1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1948కి మద్రాసు రాష్ట్రమంతా, మన నెల్లూరుతో సహా, అమలైంది. గాంధీగారు ‘హరిజన్’లో తాటిబెల్లాన్ని మెచ్చుకుంటూ రాశారు. గీత పోయినవారి కోసం బెల్లం సహకార సంఘాలు పెట్టారు. కానీ వాటితో అందరి కడుపూ నిండలేదు. గౌతు లచ్చన్నగారు గీత కార్మికుల పక్షాన ఉద్యమించారు. 1954 నవంబరులో ఈ నిషేధం గొడవలోనే ప్రకాశంగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. చూశారా, ఒక ముంత ఎంత పని చేసిందో!

తర్వాత మన పల్లెల్లోకి సారా వచ్చింది. అది తాటిచెట్టు ఇచ్చింది కాదు, బట్టీలో కాచింది. 1992లో ఉదయగిరికి తూర్పున, కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. కూలి డబ్బులు ఇంటికి చేరడం లేదన్నదే వాళ్ళ బాధ. ఆ మంట జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

కల్లు వద్దంటే గీత కార్మికుడి పొయ్యి ఆరుతుంది. సారా ఉంటే కూలి ఇల్లాలి పొయ్యి ఆరుతుంది. సున్నం రాసిన ముంతతో ఇద్దరి పొయ్యిలూ వెలగాలంటే, ఆ బెల్లం కొనే చెయ్యి కూడా ఉండాలి కదా! ఈసారి ఖాదీ దుకాణానికి వెళ్ళినప్పుడు తాటిబెల్లం ఉందేమో అడగండి. పానకంలో వేసి చూడండి.