కడుపులోకి దారి చూపిన గాజుపోగు

మన సంఘ సమావేశాల్లో ఆరోగ్యం సంగతి రాగానే ఎవరో ఒకరు 'గొట్టం పరీక్ష' మాట ఎత్తుతారు. వెంటనే నలుగురూ మొహాలు చిట్లిస్తారు. డాక్టరు ఎండోస్కోపీ రాసిచ్చినప్పుడు నేనూ ఆ భయంతోనే మూడు నెలలు వాయిదా వేశాను. చివరకు మా పెద్దమ్మాయి కోప్పడితే వెళ్ళాను. గొంతులో మొద్దుబారే మందు కొట్టారు, పది నిమిషాల్లో పని అయిపోయింది. కడుపులో పుండు ఉందని తేలింది, మందులతో మానింది. ఇంతకాలం నన్ను భయపెట్టిన ఆ గొట్టం కథ తెలుసుకోవాలనిపించి పుస్తకాలు తిరగేశాను. తెలిసింది మీతో పంచుకుంటున్నాను.

బతికున్న మనిషి లోపలి భాగాలను కంటితో చూడాలన్న కోరిక వైద్యులకు పాతదే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫిలిప్ బొజ్జిని 1806 ప్రాంతంలోనే కొవ్వొత్తి, అద్దం, గొట్టం కలిపి ఒక సాధనం తయారుచేశాడు. 1868లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే వైద్యుడు తిన్నని లోహపు గొట్టంతో కడుపులోకి చూడబోయాడు. మామూలు మనిషి దాన్ని మింగలేడు కదా! అందుకని కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించుకున్నాడు. 1932లో రుడాల్ఫ్ షిండ్లర్ తెచ్చిన గొట్టం కొంత వంగేది గాని, పూర్తిగా వంగేది కాదు. చిక్కంతా ఒక్కటే. మన లోపలి దారులు వంకరలు, వెలుగు నడక తిన్నన.

అయితే వెలుగును వంపు తిప్పవచ్చని అప్పటికే తెలుసు. వంగి పడే నీటిధారలో వెలుగు కూడా ధార వెంటే సాగిపోతుందని జెనీవాలో డేనియల్ కొలడాన్ 1842లో ప్రకటించాడు. వెలుగు ధార అంచుకు ఏటవాలుగా తగిలినప్పుడు బయటికి పోదు. అద్దం మీద పడినట్టు లోపలికే మళ్ళుతుంది. గాజుపోగులోనూ అంతే. 1930లో మ్యూనిక్‌లో హైన్రిక్ లామ్ అనే వైద్య విద్యార్థి గాజుపోగులను కట్టగా కట్టి, బల్బులోని తీగ బొమ్మను ఈ చివర నుంచి ఆ చివరకు పంపాడు. బొమ్మ మసకగా వచ్చింది. యూదుడైనందున హిట్లర్ కాలంలో అతను దేశం విడిచి అమెరికా చేరాడు. ఆ పని అక్కడితో ఆగింది.

మళ్ళీ కదలిక 1954లో. ఆ జనవరి 2 నాటి 'నేచర్' పత్రికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి హాలెండ్‌కు చెందిన వాన్ హీల్‌ది. రెండవది లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్, ఆయన వద్ద పరిశోధన చేస్తున్న నరీందర్ సింగ్ కపానీ రాసినది. కపానీ మన పంజాబులోని మోగాలో పుట్టి, ఆగ్రాలో చదివినవారు. వేల పోగుల కట్ట ద్వారా బొమ్మ పంపవచ్చని వారు చూపారు. మన రికార్డు రూము సంగతే చూడండి. ఫైలు నంబరు ప్రకారం ఉంటేనే దొరుకుతుంది. ఇక్కడా ఈ చివర ఏ పోగు ఎక్కడ ఉందో ఆ చివరా అక్కడే ఉండాలి. లేకుంటే బొమ్మ కలగాపులగం అవుతుంది.

ఒక లోపం మిగిలింది. పోగులు ఒకదానికొకటి తగిలితే వెలుగు పక్కదానిలోకి జారిపోతుంది. పోగులకు తొడుగు ఉండాలని వాన్ హీల్ తన వ్యాసంలోనే చెప్పాడు గాని, సరైన తొడుగు దొరకలేదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బేసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు లండన్ వెళ్ళి కపానీ వాళ్ళ పని చూసి వచ్చాడు. భౌతికశాస్త్రజ్ఞుడు పీటర్స్‌నూ, లారీ కర్టిస్ అనే విద్యార్థినీ కలుపుకున్నాడు. 1956 డిసెంబరులో కర్టిస్ ఒక గాజు కడ్డీని వేరొక రకం గాజు గొట్టంలో దూర్చి, రెంటినీ కలిపి కాచి, సన్నని పోగుగా లాగాడు. గాజుకు గాజే తొడుగైంది. వెలుగు కారడం ఆగింది.

1957 ఫిబ్రవరిలో హిర్షోవిట్జ్ ఆ కొత్త సాధనాన్ని ముందుగా తన గొంతులోకే దించుకున్నాడు. కొద్దిరోజులకు గాని రోగికి వాడలేదు. 1960లో అది అమ్మకానికి వచ్చింది.

తరువాత చూపుతో పాటు చికిత్సా వచ్చింది. 1969లో న్యూయార్కులో షిన్యా, వుల్ఫ్ అనే వైద్యులు పొట్ట కోయకుండానే, పెద్దపేగులోని కాయలను తీగ ఉచ్చుతో తీశారు. 1970లలో గాజుపోగు ద్వారా లేజరు పంపి, కడుపులో రక్తస్రావాన్ని ఆపడం మొదలైంది. నేడు కిడ్నీలో రాళ్ళనూ అలాగే పొడిచేస్తున్నారు. 1983లో గొట్టం కొనకు చిన్న కెమెరా వచ్చాక, బొమ్మ తెచ్చే పని పోగుల నుంచి క్రమంగా తప్పింది. వెలుగునూ లేజరునూ మోసే పని మాత్రం ఇప్పటికీ వాటిదే.

కపానీ 2020లో కన్నుమూశారు. 2021లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. మన హైదరాబాదులో ఎండోస్కోపీ నిపుణుడైన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారికి అదే పురస్కారం 2025లో వచ్చింది.

మిత్రులారా, అన్ని వయసుల వారికీ ఈ పరీక్ష అవసరమని నేననను. డాక్టరు చేయించుకోమంటే మాత్రం నాలా నెలల తరబడి ఫైలు పెండింగులో పెట్టకండి. దాన్ని తయారుచేసినవాడే ముందు మింగి చూపాడు. ఇక మనకెందుకు జంకు?