బ్రాకెట్లో పేరు

పాత రికార్డుల షౌక్ ఉన్నవాళ్లకు ఒక ఆదత్ ఉంటుంది. డిస్కు చేతికి రాగానే లేబుల్ మీద పాట పేరు కింద బ్రాకెట్లో సన్నటి అక్షరాల కోసం కళ్లు వెతుకుతాయి. అక్కడుండేది పాట రాసినవాళ్ల పేరు. గజళ్లతో మొదలైన నా షౌక్ 1950ల అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ దాకా వెళ్లింది. ఆ గానాబజానాతో మనకేం తాలూక్ అంటారా? ఆ జమానా 78 ఆర్పీఎం డిస్కులు షెల్లాక్‌తో చేసేవారు. షెల్లాక్ అంటే లక్కే, ఎక్కువ భాగం హిందుస్తాన్ నుంచే ఓడలెక్కేది. మన లాడ్ బజార్ గాజుల లక్కే న్యూయార్క్‌లో పాటయ్యిందన్నమాట.

ఇంకా దగ్గరి తాలూక్ ఒకటుంది. 1953లో రే చార్లెస్ పాడిన 'మెస్ అరౌండ్' రాసింది 'నుగెత్రె' అని ఉంటుంది. దాని ఇంగ్లిష్ హిజ్జె వెనక నుంచి చదివితే ఎర్తెగున్. అహ్మెత్ ఎర్తెగున్, వాషింగ్టన్‌లో తుర్కీ సఫీర్ మునీర్ ఎర్తెగున్ చిన్న కొడుకు.

అహ్మెత్, అతని భాయిజాన్ నెసుహి నల్లవాళ్ల మొహల్లాల దుకాణాల్లో తిరిగి వేలకొద్దీ రికార్డులు జమ చేశారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకచోట కూర్చోకూడని ఆ షహర్‌లో నల్ల కళాకారులను సఫారత్‌ఖానాకు దావత్‌కు పిలిచారు. వాళ్లు ముందు గుమ్మంలోంచి రావడమేమిటని దక్షిణాది సెనేటర్ ఒకాయన షికాయత్ చేస్తే, మా ఇంటికి దోస్తులు ఆ గుమ్మంలోంచే వస్తారని మునీర్ సాహెబ్ జవాబిచ్చారని చెబుతారు. 1944లో ఆయన ఇంతెకాల్ అయినప్పుడు జనాజా నమాజ్‌కు వాషింగ్టన్‌లో మస్జిద్ లేదు. 1957లో తెరుచుకున్న అక్కడి ఇస్లామిక్ సెంటర్‌కు ఖయాల్ పుట్టింది ఆ లోటులోంచే.

బాబా పోయాక కుటుంబం తుర్కీకి తిరిగెళ్లినా కొడుకులు ఉండిపోయారు. తుర్కీ దంతవైద్యుడొకాయన ఇచ్చిన 10,000 డాలర్లతో, హెర్బ్ అబ్రామ్సన్ భాగస్వామిగా, 1947లో అహ్మెత్ అట్లాంటిక్ రికార్డ్స్ పెట్టారు. ఆఫీసే స్టూడియో. సాయంత్రం బల్లలు గోడకు నెట్టి మైకులు పెట్టేవారు.

ఇక్కడిదాకా చెప్పి ఫఖర్‌తో ఆపేస్తే సుఖంగా ఉంటుంది. రూత్ బ్రౌన్ ఆపనివ్వదు.

కారు ప్రమాదంలో కాళ్లు విరిగి ఆసుపత్రిలో ఉండగా అట్లాంటిక్‌తో కాంట్రాక్ట్ కుదుర్చుకున్న అమ్మాయి. 1950లో ఆమె 'టియర్‌డ్రాప్స్ ఫ్రమ్ మై ఐస్' ఆర్ అండ్ బి లిస్టులో 11 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అట్లాంటిక్‌ను 'రూత్ కట్టిన ఇల్లు' అనేవారు. అదే రూత్ 1960లలో పిల్లల్ని పెంచడానికి ఇళ్లలో పని చేసింది, స్కూలు బస్సు నడిపింది. ఆ రోజుల కాంట్రాక్టుల తరీఖా అది: రికార్డింగ్ ఖర్చు, వాయిద్యగాళ్ల ఉజ్రత్ అన్నీ గాయని ఖాతాలోనే ఖర్చు రాసేవారు. పాట ఎంత అమ్ముడైనా హిసాబ్‌లో ఆమే కర్జ్‌దార్. చెమట ఆరకముందే ఉజ్రత్ ఇవ్వాలని పిల్లలకు చెప్పుకునే ఇళ్లు మనవి. ఈ లెక్క చూసీచూడనట్టు వదిలేసి, అహ్మెత్ మనవాడు అని మాత్రం ఎలా అనుకుంటాం?

ఈ జుల్మ్ ఒక్క అట్లాంటిక్‌ది కాదు. 1954లో మెంఫిస్ సన్ కంపెనీ తెచ్చిన ఎల్విస్ తొలి రికార్డు చూడండి. పసుపు లేబుల్, దానిమీద కోడిపుంజు. రాకబిల్లీ అంటే ఏమిటో ఆ ఒక్క డిస్కు చెబుతుంది: ఒకవైపు నల్లవాడి బ్లూస్, రెండోవైపు తెల్ల పల్లెల పాట. బ్లూస్ వైపు బ్రాకెట్లో ఆర్థర్ క్రుడప్ అని సాఫ్‌గా అచ్చయింది. పేరు దక్కింది గానీ హక్ దక్కలేదు. రావలసిన రాయల్టీ చాలావరకు చేతికందకుండానే ఆయన 1974లో పోయారు. పేరు తిరగేసి దాచుకున్న సఫీర్ కొడుక్కి మాత్రం పైసలు దారి తప్పలేదు.

మా కలెక్టర్ల సంగతీ చెప్పాలి. పాత డిస్కుకు మేమెంత ధర పెట్టినా అమ్మినవాడి జేబులోకే. పాడినవాళ్లకు పైసా చేరదు. అయితే రూత్ విషయంలో మలుపు తెచ్చింది మా బిరాదరీవాడే. హోవెల్ బెగిల్ అనే వకీలు తన దగ్గరున్న ఆమె రికార్డుల మీద దస్తఖత్ చేయించుకుందామని వెళ్లాడు. ఏళ్లుగా రాయల్టీ రాలేదని ఆమె నోట విని కేసు చేపట్టాడు. ఏళ్ల తరబడి కొట్లాడాక, 1988లో అట్లాంటిక్ ఆమెతోపాటు మరికొందరు పాత కళాకారుల ఖాతాల్లో కర్జ్ కొట్టేసి బకాయిలు చెల్లించింది. రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్‌కు దాదాపు 20 లక్షల డాలర్లు ఇచ్చింది. ముప్పై ఏళ్ల ఆలస్యం, అదీ వకీలు తలుపు తట్టాక. అయినా మిగతా కంపెనీలకు తప్పించుకోలేని మిసాల్ అయింది.

రూత్ బ్రౌన్ 2006 నవంబర్ 17న కన్నుమూసింది. నెల తిరక్కముందే, డిసెంబర్ 14న అహ్మెత్ వెళ్లిపోయారు. ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్‌లో, ఉజ్బెక్ సూఫీల ఖాన్‌ఖా పక్క ఖబ్రస్తాన్‌లో, బాబా దగ్గరే ఆయన్ను దఫన్ చేశారు. అక్కడ రాతి మీద పేరు తిరగేసి లేదు.