నషా మాన్పించేవాళ్లకు తర్బియత్ ఇచ్చిందెవరు?

మన కడప జిల్లాకు నషా మీద జంగ్ కొత్తది కాదు. 1937 అక్టోబర్ 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, 1938లో, అది చిత్తూరుకూ మన కడపకూ వచ్చింది. అంటే దేశంలో అందరికన్నా ముందు నిషేధం చూసిన ప్రాంతాల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఉన్నాయన్నమాట. సారా రాబడి పోయిన లోటు పూడ్చుకోవడానికి మద్రాసు సర్కారు 1939లో అమ్మకం పన్ను పెట్టింది. మన నానాల కాలం నాటి ముచ్చట ఇది.

ఆ నిషేధాన్ని నడిపిందెవరు? ఎక్సైజ్, రెవెన్యూ, పోలీసు ఉద్యోగులు. దొంగసారా పట్టుకోవడం, కేసులు పెట్టడం వాళ్ల పని. తాగుడు మానిన వాళ్ల మనసు మళ్లించడానికి సేలం పల్లెల్లో టీ దుకాణాలు, ఆటలు, భజనలు కూడా పెట్టించారు. నియ్యత్ మంచిదే. కానీ తాగుడును బీమారీగా చూసి ఇలాజ్ చేయాలన్న ఆలోచన అప్పటికి మన ప్రభుత్వాల్లో బలపడలేదు. కాబట్టి ఆ ఇలాజ్ చేసే మనిషిని తయారు చేయాలన్న మాటే రాలేదు.

తర్వాత యుద్ధకాలంలో నిషేధాన్ని ఆపేశారు. యుద్ధం అయ్యాక మళ్లీ తెచ్చి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలు చేశారు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చాక సారా పాటలు మళ్లీ మొదలయ్యాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో అది సడలిపోయింది. 2019లో పులివెందుల ఎమ్మెల్యేనే ముఖ్యమంత్రి అయి, దశలవారీ నిషేధం అన్నారు. ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబర్‌లో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి.

ఎనభై ఏళ్లకు పైగా దుకాణం తెరవడం, మూయడం గురించే బహస్ నడిచింది. దుకాణం మూసిన రాత్రి ఇంట్లో చేతులు వణుకుతూ కూర్చున్న మనిషి దగ్గర ఎవరుండాలన్నది ఆ బహస్‌లోకి రాలేదు.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో మూడో రోజుకు కొందరు లేనివాటిని చూస్తారు, ఎక్కడున్నారో మరిచిపోతారు. ఇంట్లోవాళ్లు దీన్ని జిన్ అనుకుంటారు, ఆసేబ్ అనుకుంటారు. ఇది ప్రాణం తీయగల హాలత్. డాక్టరు లెక్క చూసి ఇచ్చే మందులు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇక్కడ ప్రాణం కాపాడతాయి. థయమిన్ ఇవ్వకుండా ముందే గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మెదడుకు నష్టం జరగొచ్చు. ఈ ఒక్క ముక్క తెలిసిన నర్సు రాత్రి డ్యూటీలో ఉందా లేదా అన్నదాని మీద ఒక ఇంటి చిరాగ్ ఆధారపడి ఉంటుంది.

ఇలాజ్ చేసేవాళ్ల తర్బియత్ మన తారీఖ్‌కు కొత్త విషయమా? కాదు. క్రీ.శ. 931లో బగ్దాద్‌లో ఒక హకీం పొరపాటు వల్ల ఒక మామూలు మనిషి చనిపోయాడు. ఆ ఖబర్ ఖలీఫా ముఖ్తదిర్‌కు చేరింది. సినాన్ బిన్ సాబిత్ ఇమ్తిహాన్ తీసుకుని ఇజాజత్ ఇస్తే తప్ప ఎవరూ ఇలాజ్ చేయకూడదని ఆయన హుకుం ఇచ్చాడు. ఒక్క బగ్దాద్‌లోనే ఎనిమిది వందల అరవై మందికి పైగా హకీములు ఆ ఇమ్తిహాన్‌కు నిలబడ్డారని తారీఖ్ రాసినవాళ్లు చెప్తారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ వక్ఫ్‌నామాలో మగ మరీజులకు మగ ఖిద్మత్‌గార్లు, ఆడ మరీజులకు ఆడ ఖిద్మత్‌గార్లు ఉండాలని రాశారు. మనసు చెదిరిన వాళ్లకూ అందులో చోటుంది. దవాఖానా కట్టేటప్పుడే అందులో ఎవరు పని చేయాలో రాసిపెట్టుకున్న ఉమ్మత్ మనది.

మరీజుతో ఎలా మాట్లాడాలన్నది కూడా మనకు తెలిసిన సబఖే. తాగినందుకు మళ్లీ మళ్లీ శిక్ష పడిన ఒక సహాబీని ఎవరో లానత్ పెడితే, నబీ కరీం (స) వెంటనే ఆపారు. ఆ మనిషికి అల్లాహ్ మీద, రసూల్ మీద మొహబ్బత్ ఉందని గుర్తు చేశారు. సహీ బుఖారీలో ఉన్న సంగతి ఇది. తాగుడు హరాం అన్నదాంట్లో రవ్వంత సందేహం లేదు. తాగినవాణ్ని జలీల్ చేయడానికి మాత్రం మనకు ఇజాజత్ లేదు.

ఇక ఇప్పటి కాలానికి వద్దాం. 1954లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, విల్మర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నెల్సన్ బ్రాడ్లీ, డేనియల్ ఆండర్సన్ ఒక కొత్త పని చేశారు. తాగుడు మానేసి నిలబడ్డ మనుషులకు 'ఆల్కహాలిజం కౌన్సిలర్' పేరుతో ప్రభుత్వ ఉద్యోగం సృష్టించారు. డాక్టరు, నర్సు, సైకాలజిస్టుల పక్కన, ఆ నరకం చూసి తిరిగొచ్చిన మనిషికి కూడా కుర్చీ, జీతం, హోదా ఇచ్చారు. మరీజు తన బాధను ముందు ఆ మనిషికే చెప్పుకుంటాడు. కానీ ఇందులో ఖత్రా కూడా ఉంది. మానేసిన మనిషి కూడా మళ్లీ జారొచ్చు. తన అనుభవమే అందరికీ దవా అనుకోవచ్చు. అందుకే మంచి సంస్థలు షర్తులు పెట్టుకున్నాయి. కొంతకాలం నిలకడగా నషా లేకుండా ఉండాలి. విడిగా తర్బియత్ తీసుకోవాలి. పైన పర్యవేక్షించే మనిషి ఉండాలి. జారిపోతే డ్యూటీ నుంచి తప్పించి ముందు ఇలాజ్ ఇప్పించాలి.

మన దక్షిణాదిలో ఈ తాలీం ఒక వితంతువు దుఃఖం నుంచి వచ్చింది. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్త తాగుడు వల్ల చిన్నవయసులోనే చనిపోయారు. ఆమె అమెరికాలోని హేజెల్డెన్ కేంద్రంలో తర్బియత్ తీసుకుని వచ్చి, 1980లో భర్త పేరుతో టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ పెట్టారు. మరీజులకు ఇలాజ్ చేయడంతో ఆ సంస్థ ఆగలేదు. వేరే కేంద్రాల కౌన్సిలర్లకు, నర్సులకు శిక్షణ ఇవ్వడం, వాళ్ల కోసం మాన్యువల్స్ రాయడం తన పనిగా పెట్టుకుంది. భార్యాబిడ్డలకు కూడా విడిగా కౌన్సెలింగ్ ఇచ్చింది. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే డీ-అడిక్షన్ కేంద్రాల్లో డాక్టరు, కౌన్సిలర్లు, నర్సులు, వార్డు బాయ్‌లు, నషా మానేసిన పీర్ ఎడ్యుకేటర్ ఎవరెవరు ఉండాలో స్కీములో రాసి ఉంటుంది. వాళ్లకు తర్బియత్ ఇవ్వడానికి ప్రాంతాలవారీగా శిక్షణ కేంద్రాలూ ఉన్నాయి. కాగితం మీద అంతా బాగుంది. అయితే 2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం మద్యం వల్ల సాయం అవసరమైన వాళ్లు దేశంలో 5.7 కోట్ల మందికి పైనే. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక ఇలాజ్ అందింది. ఇంత ఖాళీ ఉన్న చోట తర్బియత్ లేనివాళ్లు బోర్డులు పెట్టుకోవడం తేలిక.

తర్బియత్ లేని చేతుల్లో మరీజు పడితే ఏమవుతుందో తమిళనాడులోని ఏర్వాడి చెప్పింది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, దర్గా దగ్గర నడిచే ఒక షెల్టర్‌కు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది పారిపోలేక చనిపోయారు. అక్కడికి తెచ్చి వదిలింది వాళ్ల ఖాందాన్లే, షిఫా దొరుకుతుందన్న ఉమ్మీద్‌తో. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గా వాళ్లు వేరే రాస్తా పట్టారు. దర్గా ఆవరణలోనే సైకియాట్రిస్టులు కూర్చుంటారు. బీమారీ లక్షణాలు గుర్తుపట్టడం ముజావర్లకు నేర్పారు. దువా ఆగలేదు, పక్కన దవా చేరింది.

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా మానసిక ఇలాజ్ కేంద్రం నడపకూడదు. మరీజును గొలుసులతో కట్టకూడదు, బలవంతంగా గుండు గీయకూడదు, కూలి ఇవ్వకుండా పని చేయించకూడదు.

మన జిల్లాలో బిల్డింగులు పెరుగుతున్నాయి. 2023 డిసెంబర్‌లో కడపలో మానసిక ఆసుపత్రి, 2024 మార్చిలో పులివెందులలో కొత్త ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయినా మనవాళ్లలో చాలామంది ఇప్పటికీ బెంగళూరు నిమ్హాన్స్‌కో, వేలూరు సీఎంసీకో బస్సెక్కుతారు. కారణం దూరపు కొండల మోజు ఒక్కటే కాదు. మొహల్లాలో తెలిస్తే బదనామ్ అవుతామన్న భయం. ప్రొద్దుటూరు బజారులో ఒకరి మాట అస్ర్‌కు చెప్తే మగ్రిబ్‌కు ఊరంతా పాకుతుంది. చెల్లెలి రిష్తా ఆగిపోతుంది. అందుకే స్టాఫ్‌కు నేర్పాల్సిన మొదటి సబఖ్ రాజ్ దాచడం. మరీజు చెప్పింది అమానత్.

మీ ఇంట్లో ఎవరినైనా చేర్చాల్సి వస్తే, ఫీజు అడిగే ముందు ఇవి అడగండి.

1. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపిస్తారా?
2. డాక్టరు ఎవరు, వారంలో ఎన్నిసార్లు వస్తారు, అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు?
3. కౌన్సిలర్ ఏం చదివారు, ఎక్కడ తర్బియత్ తీసుకున్నారు?
4. నషా మానేసినవాళ్లు స్టాఫ్‌లో ఉంటే, మానేసి ఎంతకాలమైంది, వాళ్లపైన ఎవరున్నారు?
5. ఇంటివాళ్లను కలవనిస్తారా?
6. మరీజు మాట వినకపోతే మీరేం చేస్తారు?

ఆరో సవాలుకు వచ్చే జవాబు బాగా వినండి. 'మా దగ్గర అందరూ దారికొస్తారు' అని నవ్వితే, మీ బిడ్డను తీసుకుని వెనక్కి వచ్చేయండి.

మన జమాత్ పెద్దలకు ఒక గుజారిష్. రంజాన్‌లో బైతుల్‌మాల్‌కు వచ్చే పైసల్లోంచి మూడు ఊళ్ల నుంచి ఒక్కో అబ్బాయిని, ఒక్కో అమ్మాయిని సైకాలజీకో, సోషల్ వర్క్‌కో, నర్సింగ్‌కో పంపండి. ఏ పైసా ఏ ఖర్చుకు జాయిజో ముందు ఆలిములను అడగండి. అమ్మాయి ఎందుకంటే, నషాకు బానిసైన మనిషి భార్య తన బాధ చెప్పుకోవడానికి ఇంకో ఆడమనిషి కావాలి. చదువు అయ్యాక డీ-అడిక్షన్‌లో ప్రత్యేక శిక్షణకు పంపండి. తిరిగొచ్చాక తగిన తన్‌ఖా ఇవ్వండి. తక్కువ జీతం ఇస్తే ఆరు నెలల్లో వదిలేసి పోతారు, మరీజు మళ్లీ కొత్త మొహం ముందు మొదటి నుంచి మొదలుపెట్టాలి. నాలుగైదేళ్లు పట్టే పని ఇది. 1938లో ఎవరైనా మొదలుపెట్టి ఉంటే ఈపాటికి మూడు తరాల ఖిద్మత్‌గార్లు మన దగ్గర ఉండేవాళ్లు. ఈ రంజాన్‌కు ఒక్క పేరు రాసుకోండి. ఇన్‌షా అల్లాహ్, అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది.