పాత సైకిలు – మూలభాగమా? మెరుగైన భాగమా?: మెతుకుసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

మెదక్ జిల్లాలోని మనోహరాబాద్ మీదుగా సాగే సికింద్రాబాద్–నిజామాబాద్ రైలుమార్గం నిజాం పాలనలో మీటర్‌గేజీగా నిర్మితమై, తరువాతి కాలంలో బ్రాడ్‌గేజీగా మారింది. నిత్యం వాడే దారికి పనితనమే ప్రమాణం. ఇటువంటి ప్రాంతాలలో పాలక్యాన్లు, కల్లులొట్లు, గడ్డిమోపులు మోసిన సైకిళ్ళకూ ఒకనాడు అదే ప్రమాణం వర్తించింది. అవి చారిత్రక వస్తువులుగా మారుతున్నప్పుడు కొత్త సమస్య ఎదురవుతుంది. అరిగిన మూలభాగాన్ని నిలుపుకోవాలా, బాగా పనిచేసే భాగాన్ని అమర్చాలా? ఈ సమస్యను తెలుగు పరిశోధకులకు పరిచితమైన పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విడిభాగాల చరిత్ర

1885లో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలు, 1888 నాటి డన్‌లప్ గాలిటైరు నేటి సైకిలుకు పునాది వేశాయి. రాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. సైకిళ్ళు ఇంగ్లండు నుండి దిగుమతి అయ్యేవి. స్వాతంత్ర్యానంతరం మద్రాసులో టి.ఐ. సైకిల్స్ (1949), సోనీపట్‌లో అట్లాస్ (1951), లూధియానాలో హీరో (1956) సంస్థలు వెలిశాయి. 28 అంగుళాల చక్రాలు, ముందు 32, వెనుక 40 పుల్లలు, కడ్డీబ్రేకులు గల ఆంగ్ల నమూనాయే ఇక్కడా కొనసాగింది. అందువల్ల ఒక కంపెనీ సైకిలుకు మరొక కంపెనీ భాగం వేయడం దుకాణాలలో సహజమైంది.

అయితే అన్నీ ఒకదానికొకటి పొసగవు. పెడళ్ళ ఇరుసు తిరిగే చోట రాలీ వాడిన మరచుట్లు అంగుళానికి 26. ఇతర ఆంగ్ల సైకిళ్ళలో సాధారణంగా 24. రాలీకి వేరే కప్పు బిగించాలంటే మరను మళ్ళీ కోయాలి. ఆ కోత తరువాత మూలస్థితిని తిరిగి తేవడం దాదాపు అసాధ్యం.

3. మార్పుల స్వభావం

అన్ని మార్పులూ ఒకే స్థాయివి కావు. టైరు, ట్యూబు, బ్రేకు రబ్బరు అరగడానికే ఉన్నవి. వాటిని మార్చితే చరిత్రకు నష్టం స్వల్పం. తోలుసీటు సంగతి వేరు. అది ఏళ్ళ తరబడి తొక్కిన మనిషి శరీరానికి అనుగుణంగా వంగుతుంది. దానిని తీసివేస్తే ఆ మనిషి మిగిల్చిన ఆనవాలు పోతుంది.

బ్రేకు విషయంలో ప్రాణభద్రత కూడా ముడిపడి ఉంది. ఉక్కురిమ్ము తడిస్తే కడ్డీబ్రేకు పట్టు తగ్గుతుంది. రిమ్ము పక్కలను పట్టే కొత్తబ్రేకు వేద్దామంటే, పాత రిమ్ముకు సమతలమైన పక్కలుండవు కనుక రిమ్మునూ మార్చాలి. ఒక మార్పు మరొక మార్పును కోరుతుంది. చివరికి సైకిలు రూపమే మారిపోతుంది.

ఇక కర్మాగారం ఇవ్వని భాగాలున్నాయి: బరువు కోసం అతికించిన ఇనుపక్యారియర్, అద్దెసైకిలు మడ్‌గార్డుపై దుకాణదారు రాయించిన అంకె. ‘మూలరూపం’ పేరిట వీటిని తొలగిస్తే సైకిలు కర్మాగారం విడిచిన నాటికి చేరుతుంది. ఊరిలో గడిపిన కాలం మాత్రం చెరిగిపోతుంది.

4. పాఠపరిష్కరణ దృష్టి

1829లో వేమన పద్యాలను అచ్చువేసిన సి.పి. బ్రౌన్ అనేక రాతప్రతులను సరిపోల్చాడు. పరిష్కర్త ఒక పాఠాన్ని స్వీకరించినా పాఠాంతరాలను అధోజ్ఞాపికలో చూపుతాడు. లేఖకుని చేర్పు కవిది కాకపోవచ్చు. కానీ ఆ కావ్యం ఎక్కడ, ఎలా చదవబడిందో అది చెబుతుంది. మెకానిక్ చేర్పు కూడా అటువంటిదే.

మోటారు వాహనాల కోసం అంతర్జాతీయ పాతవాహనాల సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం సైతం ఈ దిశలోనే ఆలోచించింది. భద్రత కోసం చేసే మార్పు వెనక్కు తీసుకోగలిగేదై ఉండాలని, తీసిన ముఖ్యభాగాలను వాహనంతోపాటు భద్రపరచాలని సూచించింది. ఈ సూత్రం సైకిలుకూ అన్వయిస్తుంది.

5. ముగింపు

రోడ్డుపై తొక్కే సైకిలుకు బ్రేకు, టైరు, గొలుసు నమ్మదగినవై ఉండాలి. అక్కడ పనితనానిదే ప్రాధాన్యం. కోయడం, రాపడం, వెల్డింగు మాత్రం నివారించాలి. తీసిన ప్రతి భాగాన్ని తేదీ, కారణం రాసి భద్రపరచాలి. ఒకే రకానికి చెందిన సైకిళ్ళలో మార్పు ఎరుగనిది అరుదుగా దొరికితే దానిని తొక్కకుండా కాపాడడమే మేలు. ఏ భాగం ఎప్పుడు, ఎందుకు మారిందో తెలిపే సైకిలు మెతుకుసీమ శ్రామిక జీవనానికి ఆధారమవుతుంది. ఆ వివరం లేనప్పుడు, కొత్తగా మెరిసే మూలభాగం కూడా చరిత్రకారునికి పెద్దగా ఉపకరించదు.