తక్కువ ధరలో గేమింగ్ హెడ్‌ఫోన్లు: కొనేముందు చూడవలసినవి ఏవి?

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ పోటీ పరీక్షల శిక్షణకు దేశమంతటా పేరు పొందిన ప్రాంతం. సివిల్ సర్వీసెస్, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల అభ్యర్థులతో పాటు, సమీపంలోని ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉత్తర ప్రాంగణంలో చదివేవారూ ఇక్కడి అద్దె గదులలో ఉంటారు. ఒక్కో గదిలో ఇద్దరు, ముగ్గురు సర్దుకోవడం సాధారణం. కొన్ని భవనాలలో రెండు గదుల మధ్య ఉండేది ఇటుక గోడ కాదు, ప్లైవుడ్ పలక. హైదరాబాద్‌లోని అశోక్ నగర్, ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్లను ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. రాత్రి పది దాటిన తరువాత ఒక మంచం మీద రాజ్యాంగం పుస్తకం, పక్క మంచం మీద బీజీఎంఐ ఆట సాగుతున్నప్పుడు, ఆ రెండింటి మధ్య సంధి కుదిర్చే వస్తువు హెడ్‌ఫోన్ ఒక్కటే.

అయితే ఇంటి నుంచి వచ్చే నెలసరి సొమ్ములో గది అద్దె, మెస్ ఖర్చు, నోట్సుల జిరాక్సు పోగా మిగిలేది స్వల్పం. అందులోంచి వెయ్యి, రెండు వేలు పెట్టి కొన్న వస్తువు మూడు నెలలకే మూలన పడితే ఆ నష్టం చిన్నది కాదు. ‘గేమింగ్’ అని పెట్టెపై పెద్ద అక్షరాలతో అచ్చువేసి, చెవి గిన్నెలకు రంగుల దీపాలు తగిలించిన ప్రతి సరుకూ ఆటకు పనికివస్తుందన్న హామీ లేదు. ఆ దీపాల ఖర్చూ కొనుగోలుదారు జేబులోంచే పోతుంది. తక్కువ ధరలో అది నేరుగా ధ్వని నాణ్యత నుంచి కోసుకున్న భాగమే.

తీగ ఉన్నదా, లేనిదా?

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. పాటలు వినడానికి బ్లూటూత్ చక్కగా సరిపోతుంది. ఆట విషయం వేరు. ఫోన్ ధ్వనిని సంకేతంగా మార్చి, కుదించి, గాలిలో పంపి, హెడ్‌ఫోన్ దానిని తిరిగి విప్పేసరికి కొంత కాలం గడుస్తుంది. దీనినే లేటెన్సీ అంటారు. తెలుగులో ‘జాప్యం’ అంటే సరిపోతుంది. సాధారణ బ్లూటూత్ పరికరాలలో ఈ జాప్యం 150 నుంచి 250 మిల్లీసెకన్ల వరకు ఉండవచ్చు. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై ఒక్కో చిత్రం నిలిచేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. అంటే తుపాకీ పేలిన దృశ్యం కనిపించిన తరువాత పది చిత్రాలు గడిచాక గానీ దాని శబ్దం చెవికి చేరదు. సినిమా చూపే యాప్‌లు చిత్రాన్ని కూడా ఆ మేరకు ఆలస్యం చేసి ఈ తేడాను కప్పిపుచ్చగలవు. మన వేలి కదలికకు తక్షణం స్పందించవలసిన ఆటకు ఆ వెసులుబాటు లేదు.

తక్కువ ధర ఇయర్‌బడ్స్ పెట్టెలపై కనిపించే ‘గేమింగ్ మోడ్’, 40 మిల్లీసెకన్లు, 50 మిల్లీసెకన్లు అన్న అంకెలు ప్రయోగశాలలో అనుకూల పరిస్థితులలో లభించినవి. ఒకే అంతస్తులో పదుల కొద్దీ వైఫై రూటర్లు, అంతకంటే ఎక్కువ ఫోన్లు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ తరంగ పట్టీని పంచుకునే భవనంలో అవి అలాగే నిలుస్తాయని ఆశించలేము.

దీనికంటే ఎక్కువ మందిని బోల్తా కొట్టించే ఇబ్బంది మరొకటి ఉంది. జట్టు సభ్యులతో మాట్లాడటానికి మైకును ఆన్ చేయగానే చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పాటలు వినిపించే పద్ధతి నుంచి ఫోన్ సంభాషణల పద్ధతికి మారిపోతాయి. అప్పుడు కుడి, ఎడమ అన్న భేదం పోయి రెండు చెవులలోనూ ఒకే సన్నని ధ్వని వినిపిస్తుంది. శత్రువు ఏ వైపు నుంచి వస్తున్నాడో తెలిపే సమాచారమంతా ఆ క్షణంలో అంతరిస్తుంది. పరికరం చెడిపోయిందని దుకాణానికి తిరిగి పట్టుకెళ్లేవారు ఉన్నారు. చెడింది పరికరం కాదు, పాత బ్లూటూత్ ప్రమాణంలోని పరిమితి అది. ‘ఎల్‌ఈ ఆడియో’ అనే కొత్త ప్రమాణం దీనికి పరిష్కారం చూపుతున్నా, ఫోను, హెడ్‌ఫోను రెండూ దానిని అనుసరించేవి అయి ఉండాలి.

యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ హెడ్‌సెట్లలో ఈ రెండు చిక్కులూ చాలావరకు ఉండవు. వాటి ధర మాత్రం ఎక్కువ. కనుక రెండు వేల రూపాయల లోపు బడ్జెట్ ఉన్నవారికి తీగ ఉన్న హెడ్‌ఫోన్ మేలు. అందులో జాప్యం లెక్కలోకి రాదు, బ్యాటరీ ఛార్జింగ్ బెడద లేదు, అదే ధరకు ధ్వని మెరుగ్గా ఉంటుంది.

పిన్నులోని మెలిక

తీగ అనుకున్నాక పిన్ను చూడాలి. మైకు గల హెడ్‌సెట్ పిన్నుపై మూడు నల్లని వలయాలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మైకుకు ఒకటి, స్పీకరుకు ఒకటి చొప్పున రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో నాలుగు భాగాల పిన్ను పెడితే పాట వినిపిస్తుంది, మైకు పనిచేయదు. వంద, నూటయాభై రూపాయలకు దొరికే వై ఆకారపు స్ప్లిటర్ దీనికి మందు. కొన్ని హెడ్‌సెట్ల పెట్టెలలో అది ఉచితంగానే వస్తుంది, అడిగి చూసుకోవాలి.

నాలుగు భాగాల పిన్నులోనూ రెండు అమరికలు ఉన్నాయి. ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లూ సీటీఐఏ పద్ధతిని పాటిస్తాయి. పాత ఓఎంటీపీ పద్ధతిలో మైకు, భూతీగ స్థానాలు తారుమారై ఉంటాయి. పాట మధ్యలో గాయకుడి గొంతు బావిలోంచి వస్తున్నట్లు మందగించి, మైకు బటన్ నొక్కి పట్టుకుంటే సరిగా వినిపిస్తే కారణం ఈ పొంతన లేకపోవడమే అని భావించవచ్చు.

ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రమే లేకపోతే టైప్-సీ కన్వర్టర్ కావాలి. వీటిలో రెండు రకాలు. లోపల డాక్ అనే చిన్న చిప్ ఉన్నది చాలా ఫోన్లతో పనిచేస్తుంది. చిప్ లేని చవక రకం కొన్ని ఫోన్లతో మాత్రమే పనిచేస్తుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. దుకాణంలో సొంత ఫోనుకు తగిలించి, మైకుతో సహా పరీక్షించిన తరువాతే డబ్బు ఇవ్వడం మంచిది.

అడుగుల సవ్వడి ఎటు నుంచి?

‘7.1 సరౌండ్’ అన్న మాట ఈ ధరలో సర్వసాధారణం. తక్కువ ధర హెడ్‌ఫోన్లలో చెవికి ఒకటి చొప్పున ఉండేది రెండు స్పీకర్లే. మిగిలినదంతా సాఫ్ట్‌వేర్ కల్పన. అది మోసమని అనలేము, ఎందుకంటే మనిషికి ఉన్నవీ రెండు చెవులే. ఎడమ నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందు, కుడి చెవికి కాస్త తరువాత చేరుతుంది. ఈ తేడా అత్యధికంగా సెకనులో పదివేల వంతులు ఆరేడు మాత్రమే. మెదడుకు అది చాలు. తల అడ్డు రావడం వల్ల దూరపు చెవికి శబ్దం తగ్గుతుంది కూడా. ముందు, వెనుక, పైన అన్న భేదాలను చెవి డొప్ప మడతలు ధ్వనికి తెచ్చే మార్పును బట్టి గుర్తిస్తాము. ఈ మార్పులను గణించి రెండు స్పీకర్ల ధ్వనిలోనే పొదిగే విధానాన్ని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు.

వాలొరాంట్ వంటి ఆటల సెట్టింగులలో ఈ సౌకర్యం ఉచితంగా ఉంది. విండోస్ 10, 11లలో ‘విండోస్ సోనిక్’ పేరుతో మరొకటి ఉంది. కనుక కేవలం 7.1 అన్న అంకె కోసం అదనంగా చెల్లించనవసరం లేదు. ఆటలో ఒకటి, హెడ్‌సెట్‌లో ఒకటి కలిపి రెండూ ఆన్ చేస్తే ధ్వని కలగాపులగమై దిశ తెలియకుండా పోతుంది. ఏదో ఒకటే ఉంచాలి.

‘ఎక్స్‌ట్రా బాస్’ అన్న ఆకర్షణ గురించి కూడా హెచ్చరిక అవసరం. తక్కువ పౌనఃపున్యపు దుందుభి ధ్వనులు వాటికంటే పై స్థాయిలోని సన్నని ధ్వనులను కప్పివేస్తాయి. బాంబు పేలుడు ఛాతీలో మోగినట్లు వినిపించే హెడ్‌ఫోన్‌లో మెట్ల మీద నడిచే శత్రువు అడుగులు మునిగిపోవచ్చు. డ్రైవర్ 50 మిల్లీమీటర్లా, 40 మిల్లీమీటర్లా అన్నది కూడా నాణ్యతకు కొలత కాదు. అట్టపెట్టె మీద నిజంగా ఉపయోగపడే అంకె ఇంపీడెన్స్: 16 లేదా 32 ఓమ్‌లు ఉంటే ఫోను, ల్యాప్‌టాప్ సులభంగా నడుపుతాయి. 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్ చవకగా దొరికిందని తెచ్చుకుంటే ఆంప్లిఫయర్ లేనిదే గొంతు పెగలదు.

ఐఈఎం అని పిలిచే, చెవి రంధ్రంలో ఇమిడే తీగ ఇయర్‌ఫోన్లను చాలామంది ఆటకు పరిగణించరు. వెయ్యి రూపాయల పరిసరాల్లో, ధ్వని స్పష్టతలో అవి అదే ధర పెద్ద హెడ్‌సెట్లను తరచుగా మించిపోతాయి. కొన్నింటిలో తీగ విడదీయవచ్చు. తెగితే తీగ మాత్రమే కొంటే సరి. మైకు ఉన్న రకమే అడగాలి.

తల, చెవి, ఎండాకాలం

మే, జూన్ నెలల్లో ఢిల్లీ ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. రెక్సిన్ గిన్నెల హెడ్‌సెట్ గంట సేపు పెట్టుకుంటే చెవులు చెమటతో తడిసిపోతాయి. ఆ రెక్సిన్ ఏడాది తిరగకముందే పొలుసులుగా ఊడటమూ మామూలే. వస్త్రపు గిన్నెలు ఉన్నవి, లేదా విడిగా గిన్నెలు దొరికే నమూనా మేలు. బరువు 300 గ్రాములు దాటితే మెడకు శ్రమ. కళ్లద్దాలు ధరించేవారు కళ్లద్దాలతోనే పది నిమిషాలు పెట్టుకుని చూడాలి. కణతల దగ్గర నొక్కుడు మొదటి నిమిషంలో తెలియదు.

వెనుక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకం విశాలమైన ధ్వనినిస్తుంది, గాలీ ఆడుతుంది. కానీ లోపలి శబ్దం గదంతా వినిపిస్తుంది. పక్క మంచం మీద చదివే మనిషి ఉన్నప్పుడు అది పనికిరాదు. పూర్తిగా మూసి ఉండే రకానికి మరొక లోటు ఉంది. 2023 జూన్ 15న ముఖర్జీ నగర్‌లో శిక్షణ కేంద్రాలున్న భవనంలో మంటలు చెలరేగినప్పుడు విద్యార్థులు కిటికీల నుంచి తాళ్లు, తీగలు పట్టుకుని దిగి ప్రాణాలు కాపాడుకున్నారు. ఇరుకు మెట్ల భవనాలలో నివసించేవారు రెండు చెవులూ బిగించుకుని బయటి కేక వినిపించని స్థితిలో ఉండటం క్షేమం కాదు. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు నాయిస్ క్యాన్సిలేషన్ ఆపివేయడం, ఒక చెవి కాస్త సడలించడం వంటి జాగ్రత్తలకు ఖర్చేమీ లేదు.

వినికిడికి వచ్చే ముప్పు దీనికంటే నెమ్మదిగా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే ఆ పరిమితి 4 గంటలే. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ సురక్షిత సమయం సగానికి తగ్గుతుందన్న సూత్రమే ఈ లెక్కకు ఆధారం. వీడియో గేములు, ఈ-స్పోర్ట్స్ కోసం ప్రత్యేకంగా సురక్షిత శ్రవణ ప్రమాణాన్ని ఆ సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌తో కలిసి 2025లో విడుదల చేసింది. కూలరు, ఫ్యాను హోరును అధిగమించడానికి వాల్యూమ్ పెంచే అలవాటే ఇక్కడ అసలు ప్రమాదం. చెవికి బాగా అమరే పరికరం తక్కువ వాల్యూమ్‌తో సరిపెడుతుంది. ఆట ముగిశాక చెవిలో గుయ్యిమనడం, మాటలు ముద్దగా వినిపించడం మరునాటికీ తగ్గకపోతే వైద్యుడిని సంప్రదించాలి.

ఎక్కడ కొనాలి?

ముఖర్జీ నగర్ వాసులకు దగ్గరి మెట్రో స్టేషన్ జీటీబీ నగర్. అక్కడి నుంచి ఎల్లో లైన్‌లో ఐదో స్టేషన్ చాందినీ చౌక్. ఎర్రకోట ఎదుట ఉన్న లజపతిరాయ్ మార్కెట్ ఎలక్ట్రానిక్స్ టోకు వ్యాపారానికి ప్రసిద్ధి. కంప్యూటర్ సామగ్రికి నెహ్రూ ప్లేస్ ఉంది. కశ్మీరీ గేట్ వద్ద వయొలెట్ లైన్‌కు మారాలి. హైదరాబాద్ వారికి కోఠి, సికింద్రాబాద్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ ఇటువంటివే. ఈ బజార్లలో బేరం కుదురుతుంది, చేతితో పట్టి చూసే వీలు ఉంటుంది. అసలు బ్రాండును పోలిన నకళ్లూ ఉంటాయి. పెట్టెపై గరిష్ఠ చిల్లర ధర, దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం ఉండటం తప్పనిసరి. వైర్‌లెస్ రకాలకు బీఐఎస్ నమోదు సంఖ్య కూడా ఉండాలి; ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

బిల్లు లేకుండా వంద రూపాయలు తగ్గిస్తామన్న ప్రతిపాదన తరచుగా వినిపిస్తుంది. తీగ హెడ్‌సెట్ సాధారణంగా చెడేది పిన్ను దగ్గర, మైకు మొదలు దగ్గర, అదీ కొన్ని నెలల వాడకం తరువాత. బిల్లు లేనిదే ఏడాది వారంటీ వర్తించదు. ఆన్‌లైన్‌లో కొన్నవారు పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసుకుని, తిరిగి పంపే గడువు ముగియకముందే మైకు, రెండు చెవుల ధ్వని, పిన్ను కదిలించినప్పుడు గరగరలు వస్తున్నాయా అన్నది పరీక్షించాలి. లోపమున్నా విక్రేత స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.