బర్బన్ విస్కీ: పుట్టుక, రుచిపరీక్ష, నేటి పరిశ్రమ

బర్బన్ అమెరికా సంయుక్త రాష్ట్రములయందు, అందును ముఖ్యముగా కెంటకీ రాష్ట్రమున, మొక్కజొన్న ప్రధానధాన్యముగా తయారగు విస్కీ. ధాన్యమిశ్రమమున నూటికి 51 పాళ్లకు తక్కువగాక మొక్కజొన్న యుండవలెను. బట్టీనుండి వెలువడునపుడు ఆల్కహాలు 80 పాళ్లను, పీపాలో పోయునపుడు 62.5 పాళ్లను మించరాదు. లోపలితట్టు కాల్చి బొగ్గుచేసిన క్రొత్త ఓకు పాత్రలోనే నిలువ యుండవలెను. సీసాకెక్కునప్పటికి 40 పాళ్లకు తగ్గరాదు. నీరు తప్ప రంగుగాని రుచిగాని వేరొండు చేర్పరాదు. శాసనము విధించిన యీ లక్షణములు ఒక్కనాట ఏర్పడినవి కావు. కల్తీతో జరిగిన దీర్ఘసంగ్రామమే ఈ మద్యము చరిత్ర యనవచ్చును.

పదునెనిమిదవ శతాబ్ది యుత్తరార్ధమున పెన్సిల్వేనియా, వర్జీనియాదుల నుండి కొండలు దాటి కెంటకీ చేరిన కృషీవలులకు మొక్కజొన్న విరివిగా పండినను, దానిని తూర్పుతీరపు అంగళ్లకు బండ్లపై చేర్చుట గిట్టుబాటు కాని పనిగా నుండెను. ఆ ధాన్యమునే మద్యముగా మార్చి పీపాలకెత్తినచో బరువు తగ్గును, వెల పెరుగును, పురుగు పట్టదు, ఒహాయో మిసిసిపీ నదులవెంట పడవలపై న్యూ ఆర్లియన్సు దాక పోవును. 1791లో విధింపబడిన మద్యపు సుంకమును ధిక్కరించి పడమటి పెన్సిల్వేనియా రైతులు 1794లో తిరుగబడుటకును ఇదియే హేతువు: విస్కీ వారికి విలాసవస్తువు గాక రొక్కముతో సమానము. పీపాను కాల్చు పద్ధతిని బాప్టిస్టు బోధకుడగు ఎలైజా క్రెయిగ్ కనుగొనెనను గాథ బహుళప్రచారమున నున్నను, దానికి సమకాలికమైన ఆధారము కానరాదు.

అంతకంటె మాననీయుడు జేమ్స్ క్రో. స్కాట్లండునుండి వలసవచ్చిన ఈ వైద్యుడు, రసాయనశాస్త్రవేత్త, వుడ్‌ఫర్డ్ కౌంటీలోని ఆస్కార్ పెప్పర్ బట్టీలో పనిచేయుచు, అంతవరకు చేతివాటముగాను కంటియంచనాగాను సాగిన పనికి ఉష్ణమాపకముల క్రమశిక్షణ నలవరచెను. క్రిందటి మారు బట్టీలో మిగిలిన పుల్లని గంజిని కొంత క్రొత్త మిశ్రమమున కలుపుట యతని కల్పన కాకపోయినను, ఆ యామ్లత పనికిరాని సూక్ష్మజీవుల నడచి ప్రతి వంటకును ఒక్క రుచి నిచ్చునని గ్రహించి దానిని నియమముగా నెలకొల్పినవాడాతడే. 1856లో అతడు గతించునప్పటికి ఆ విధానము పరిసరములందెల్ల వ్యాపించెను.

అంతర్యుద్ధానంతరము వర్తకులు అనేకులు పచ్చిమద్యమునకు మాడ్చిన పంచదారయు, పండ్లరసమును చేర్చి, పాతవిస్కీగా చెలామణి చేసిరి. 1870లో జార్జి గార్విన్ బ్రౌన్ తన ఓల్డ్ ఫారెస్టరును ముద్రవేసిన సీసాలలోనే అమ్ముట యీ మోసమునకు తొలి ప్రతీకారము. బట్టీదారుడగు కర్నల్ టేలర్ ప్రభృతుల పట్టుదలచే 1897లో వెలువడిన ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ శాసనము, ఒక్క బట్టీలో ఒక్క ఋతువున తీయబడి, ప్రభుత్వ పర్యవేక్షణమున నాలుగేండ్లు నిలిచి, 50 పాళ్ల బలముతో సీసాకెక్కిన మద్యమునకే ఆ ముద్ర ననుగ్రహించెను. కొనువాని కొరకు సర్కారు పూటపడుట అట్టి వ్యాపారమున అపూర్వము. ఈ చరిత్రలో దీనిని మించిన ఘట్టము లేదు.

1920 నుండి 1933 వరకు మద్యనిషేధము అమలైనపుడు వైద్యుని చీటిపై ఔషధముగా మాత్రమే విస్కీ శాసనసమ్మతముగా లభించెను. 1964లో అమెరికా కాంగ్రెసు బర్బనును తమ దేశపు విశిష్టోత్పత్తిగా ప్రకటించినను, యువజనము వోడ్కావైపు మరలుటచే డెబ్బదులలో గిరాకి పడిపోయెను. 1984లో బట్టీ నిపుణుడు ఎల్మర్ టి. లీ ఏరిన ఒక్కొక్క పీపానుండి నింపిన బ్లాంటన్స్, 1988లో జిమ్ బీమ్ బట్టీ నిపుణుడు బుకర్ నో వడపోయక, నీరు చేర్పక విడుదల చేసిన బుకర్స్, దీనికి మరల గౌరవము తెచ్చినవి.

రుచిచూచుట గిడ్డంగి నెరిగినవానికే చక్కగా సాధ్యము. పలు అంతస్తుల కొయ్యకట్టడములలో సుమారు 200 లీటర్ల పీపాలు పేర్చబడియుండును. వేసవి వేడికి మద్యము వ్యాకోచించి, కాలిన పొరను దాటి కొయ్యలోనికి చొచ్చును. శీతకాలమున వెనుకకు వచ్చును. పై యంతస్తుల వేడిలో నీరు ఎక్కువగా ఆవిరియై మద్యము బలము హెచ్చును. క్రింది యంతస్తులలో మెల్లగా మృదువుగా పండును. ఎగిరిపోవు ఆవిరిని ‘దేవదూతల వాటా’ యందురు. దానిని తిని పెరుగు నల్లని బూజు చుట్టుప్రక్కల గోడలను చెట్లకాండములను మసిబార్చుచుండును. ఓకులోని లిగ్నిన్ నుండి వనిల్లా వాసనయు, కాలిన చక్కెరలనుండి పాకపు కమ్మదనమును, లాక్టోనులనుండి కొబ్బరి ఛాయయు లభించును. మిశ్రమమున రై ధాన్యము మిక్కిలిగా నున్నచో మిరియపు ఘాటు, గోధుమ యున్నచో సౌమ్యత తోచును.

నోరు సన్నగిలిన పాత్రలో కొద్దిగా పోసి, పెదవులు కొంచెము విచ్చి వాసన చూడవలెను. లేనిచో ఆల్కహాలు ఘాటు ముక్కును మొద్దుబార్చును. తొలిగుక్క నాలుకను అలవాటు పరచుటకు మాత్రమే. రెండవదానిని నమలునట్లు నోరంతట త్రిప్పుట బుకర్ నో ప్రసిద్ధము చేసిన రీతి. పిమ్మట రొమ్మున వ్యాపించు వెచ్చదనమును ‘కెంటకీ కౌగిలి’ యందురు. ఒకటిరెండు బొట్లు నీరు కలుపుట అపచారమని తలచువారు కలరు. అది నిరాధారము, నీరు చేరినపుడు మూసియున్న పరిమళములు బయల్పడును.

ఈ శతాబ్దపు తొలి రెండు దశాబ్దులలో ‘పాపీ వాన్ వింకిల్’ వంటి దుర్లభ మద్యముల వెల ఆకాశమంటినది; ఆ మోజునకు లోబడి బట్టీలు విస్తరించి, 2025 నాటికి కెంటకీ గిడ్డంగులలో సుమారు 1.6 కోట్ల పీపాలు చేరినవి. ఆ రాష్ట్ర జనసంఖ్య 50 లక్షలకు లోపే. నేడు పోసిన పీపా సామాన్యముగా కొన్నేండ్లకుగాని అమ్మకమునకు రాదు గనుక, నాటి యంచనా తప్పినచో నష్టము నేడు మోయవలసివచ్చును. ఇంతలో యువతరము తాగుడు తగ్గించుచున్నది. 2025 మార్చిలో కెనడా రాష్ట్రములు పెక్కు అమెరికా మద్యములను అంగళ్లనుండి తొలగించినవి. బ్రౌన్ ఫార్మన్ సంస్థ లూయీవిల్‌లోని తన పీపాల కర్మాగారమును మూసివేసెను. మనదేశము మాత్రము 2025 ఫిబ్రవరిలో బర్బనుపై దిగుమతి సుంకమును నూటికి 150 నుండి 100కి తగ్గించినది. జిమ్ బీమ్ సంస్థ క్లెర్మాంటులోని ప్రధాన బట్టీని 2026 సంవత్సరమంతయు నిలిపివేయుటకు నిశ్చయించెను. సీసాలు నింపుట, గిడ్డంగుల పని మాత్రము అచట సాగును. పనివారికిది కష్టకాలమే యైనను, గిరాకి లేని పచ్చిమద్యమును పోసిపోసి పేర్చుటకంటె ఉన్న పీపాలను పండనిచ్చుట మేలైన నిర్ణయము.