చీకటికి కట్టిన గొడుగు

1935 మే నెలాఖరున, టొరాంటోకు ఉత్తరాన పొలాల నడుమ ఉన్న రిచ్‌మండ్ హిల్ గ్రామంలో డేవిడ్ డన్‌లప్ వేధశాల ప్రారంభమైంది. 74 అంగుళాల దర్పణం గల దాని దూరదర్శిని ఆనాడు ప్రపంచంలో రెండవ పెద్దది. అంతకు మించినది కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాలది ఒక్కటే. టొరాంటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు క్లారెన్స్ చాంట్ ఏళ్ల తరబడి కన్న కల, గనుల వ్యాపారి డన్‌లప్ స్మృత్యర్థం ఆయన భార్య జెస్సీ ఇచ్చిన విరాళంతో నెరవేరింది. విశ్వవిద్యాలయానికి అందుబాటులో ఉండడం ఆ స్థలానికి గల గుణం. కాలక్రమంలో అదే దోషమైంది.

యుద్ధానంతరం టొరాంటో ఉత్తరదిశగా పెరిగింది. అయినా వేధశాల వెంటనే మూతపడలేదు. నక్షత్రకాంతిని వర్ణపటంగా విడదీసి పరిశీలించే పద్ధతి, కాస్త ప్రకాశవంతమైన తారల విషయంలో, నగరపు వెలుగును కొంతవరకు తట్టుకోగలదు. సిగ్నస్ ఎక్స్-1 అనే ఎక్స్-కిరణాల మూలం కృష్ణబిలమై ఉండాలని టామ్ బోల్టన్ 1970ల ఆరంభంలో నిర్ధారించినది ఇక్కడి పరిశీలనలతోనే. కాని మసక గెలాక్సీలు కావాలన్నవారికి ఆ ఆకాశం పనికిరాకుండా పోయింది. 1995లో పట్టణం కాంతి కాలుష్యాన్ని నియంత్రిస్తూ ఉపవిధి చేసింది. అప్పటికి అరవై ఏళ్లు గడిచాయి. పైగా ఆ విధి సరిహద్దు దాటి టొరాంటో దీపాలకు వర్తించదు. 2008లో విశ్వవిద్యాలయం వేధశాలను అమ్మివేసింది.

ఈ కథ తెలుగువారికి కొత్త కాదు. బేగంపేటలోని నిజామియా వేధశాలను హైదరాబాదు చుట్టుముట్టిన తరువాత, ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా, జాపాల-రంగాపూర్ వద్ద 1960లలో నెలకొల్పవలసి వచ్చింది. వెలుగు వచ్చినప్పుడల్లా శాస్త్రజ్ఞులే మూటాముల్లె సర్దుకోవాలన్నది నాటి అలిఖిత నియమం.

ఒంటారియోలో టోరెన్స్ బారెన్స్ అనే రాతినేలను 1999లో చీకటి ఆకాశానికి రక్షితప్రాంతంగా ప్రకటించినప్పుడు ఆ నియమం సడలింది. అయితే జనావాసం లేనిచోట చీకటిని కాపాడడం పెద్ద కష్టం కాదు. అసలు పరీక్ష క్యూబెక్‌లో జరిగింది.

అక్కడి మౌంట్ మెగాంటిక్ వేధశాల 1978 నాటిది. రెండు దశాబ్దాలలోనే దాని ఆకాశంలో కృత్రిమ కాంతి సుమారు రెట్టింపైంది. అందులో గణనీయమైన భాగం పడమర దిక్కున ఉన్న షెర్‌బ్రూక్ నగరానిది. శాస్త్రజ్ఞులు ఈసారి మూట కట్టలేదు. ఇంజనీరు క్లోయీ లెగ్రీ నాయకత్వంలో ఊరూరా తిరిగి, పురపాలకులను, వ్యాపారులను ఒప్పించే పని 2003 ప్రాంతంలో మొదలైంది. దీపాలు ఆర్పమని ఎవరినీ అడగలేదు. కాంతి ఎటు పోతున్నది, ఎంత ఉన్నది, ఏ రంగుది, ఎంతసేపు వెలగాలి అన్న ప్రశ్నలను ప్రతి దీపానికీ వేశారు, అంతే. వేల దీపాలు మారాయి. 2007లో ఐదు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రాంతం అంతర్జాతీయ గుర్తింపు పొందిన తొలి చీకటి ఆకాశ రక్షితక్షేత్రమైంది. డన్‌లప్‌కు దొరకనిది, మెగాంటిక్‌కు దొరికినది ఇదే: చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకే విధికి, సకాలంలో, కట్టుబడడం.

ఆ ప్రశ్నల వెనుక ఉన్నది సాధారణ భౌతికశాస్త్రమే. నెత్తిమీదికి సూటిగా పోయే కిరణం కన్నా, క్షితిజానికి కాస్త పైగా వాలుగా పోయే కిరణం దూరపు ఆకాశానికి ఎక్కువ చేటు చేస్తుంది. అది గాలిలో చాలా దూరం ప్రయాణిస్తూ దారిపొడవునా చెదురుతుంది. కనుక దీపానికి పైన గొడుగు ఉండాలి, కాంతి నేలకే దిగాలి. కాని కెనడాలో గొడుగు ఒక్కటే చాలదు. తారురోడ్డు తనమీద పడిన కాంతిలో చాలా కొద్ది భాగాన్నే తిప్పి పంపుతుంది. తాజా మంచు 80 శాతం దాకా తిప్పి పంపగలదు. శీతకాలమంతా నేలే అద్దమయ్యే దేశంలో, కాంతి పరిమాణాన్నే తగ్గించక తప్పదు.

రంగు సంగతి ఎల్‌ఈడీలతో ముందుకొచ్చింది. గాలి అణువుల వల్ల కలిగే చెదురుపాటు తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతానికి విలోమంగా మారుతుంది. అందుచేత 450 నానోమీటర్ల నీలికాంతి, 590 నానోమీటర్ల పసుపుకాంతి కన్నా సుమారు మూడింతలు చెదురుతుంది. చౌకగా వచ్చిన తెల్లని ఎల్‌ఈడీలలో ఈ నీలి భాగం ఎక్కువ. వైద్యులు కలగజేసుకున్నదీ ఇక్కడే. కంటి రెటీనాలో మెలనాప్సిన్ గల కణాలు 480 నానోమీటర్ల ప్రాంతపు కాంతికి అత్యధికంగా స్పందించి, మెదడుకు పగలని కబురు పంపుతాయి, మెలటోనిన్ తగ్గుతుంది. దేహపు దినచర్యను తారుమారు చేసే రాత్రిపాళీ ఉద్యోగాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో బహుశా క్యాన్సర్ కారకం అన్న వర్గంలో చేర్చింది. దీన్ని పట్టుకుని వీధిదీపమే క్యాన్సర్ తెస్తుందనడం తొందరపాటు. పడకగదిలోకి చొరబడే కాంతి మోతాదు అందుకు చాలా చిన్నది. నిద్ర విషయంలో మాత్రం జాగ్రత్త పడడం సమంజసమే. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వీధిదీపాల వర్ణ ఉష్ణోగ్రత 3000 కెల్విన్ మించరాదని సూచించింది. మాంట్రియాల్ నగరం తొలుత 4000 కెల్విన్ దీపాలు తలపెట్టి, ప్రజారోగ్య అధికారుల అభ్యంతరాల తరువాత 3000కు దిగింది.

మెగాంటిక్ చుట్టుపక్కల అదీ ఎక్కువే అనుకున్నారు. అక్కడ ఎల్‌ఈడీ కావాలంటే, నీలి భాగం దాదాపు లేని కాషాయవర్ణపు దీపాన్నే ఎంచుకోమంటారు. అటువంటిది తెల్లదానికన్నా కాస్త ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది. ఆ ఊళ్లు ఆ ఖర్చుకు ఒప్పుకున్నాయి.